ముస్తాబాద్ కిరాయి ఇళ్లలో

మన దక్కన్ నేల మీద 'ఆబాద్'తో ముగిసే ఊళ్లకు కొదవ లేదు. హైదరాబాద్, సికిందరాబాద్, నిజామాబాద్, జహీరాబాద్ అని చెప్పుకుంటూ పోవచ్చు. ఫార్సీలో ఆబాద్ అంటే జనం నివసించే చోటు, దీపం వెలిగే చోటు అని అర్థం. దానికి ఎదురు మాట వీరాన్, అంటే పాడుబడినది. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ముస్తాబాద్ కూడా ఆ వరుసలోనిదే. అయితే ఊరు ఆబాద్ అయినంత మాత్రాన ఆ ఊళ్లో ఉన్న ప్రతి మనిషికీ తలదాచుకునే చోటు దొరికినట్టు కాదు. గత రబీఉల్ ఆఖిర్ మాసంలో అక్కడ మూడు రోజులు గడిపినప్పుడు ఈ సంగతి దగ్గరి నుంచి చూశాను.

నేను వెళ్లింది ఊరు చూడడానికి కాదు. నా వద్ద చదువుకున్న ఒక హాఫిజ్ అక్కడ ఇమామత్ చేస్తున్నాడు. ఒక రాత్రి ఇషా తర్వాత ఫోను చేసి ఒక మస్అలా అడిగాడు. కిరాయి ఇంట్లో ఉంటున్న ఒక ఆటో డ్రైవరు మరణించాడు, భార్య ఇద్దత్‌లో ఉంది, ఇంటి యజమాని ఖాళీ చేయమంటున్నాడు, ఆమె ఆ ఇల్లు విడిచి వెళ్లవచ్చునా అన్నది ప్రశ్న. కితాబులో జవాబు ఉంది, రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. చెప్పాను కూడా. కానీ ఫోను పెట్టేసిన తర్వాత ఆ జవాబు సరిపోదనిపించింది. మరునాడు ఫజ్ర్ నమాజు కాగానే బస్సెక్కాను.

సిద్దిపేట వైపు నుంచి వెళ్తుంటే దారికి రెండు పక్కలా వరి పొట్టకు వచ్చి ఉంది. ముప్పై ఏళ్ల క్రితం ఈ ప్రాంతం పేరు చెబితే కరువు, దుబాయి వలస, సిరిసిల్ల నేతన్నల ఆకలి చావులు గుర్తుకొచ్చేవి. పొరుగున గంభీరావుపేట మండలం నర్మాల దగ్గర నిజాం హయాంలో కట్టిన ఎగువ మానేరు ఉన్నా, నిండిన సంవత్సరాల కంటే ఎండిన సంవత్సరాలే ఎక్కువన్నట్టు ఉండేది. ఇప్పుడు నీళ్లు వచ్చాయి. నీళ్లతో పాటు భూముల ధర కూడా వచ్చింది. 2016 అక్టోబరు 11న సిరిసిల్ల జిల్లా కేంద్రమయింది. తర్వాత కలెక్టరేటు, ఇంజనీరింగు కళాశాల, 2023లో వైద్య కళాశాల వచ్చాయి. 2023 అక్టోబరులో సిద్దిపేట దాకా రైలు వచ్చింది. ఆ మార్గం సిరిసిల్ల మీదుగానే కొత్తపల్లికి పోవాలి. ఇవన్నీ మంచి పనులే. కానీ ప్రతి మంచి పని జరిగిన చోట గజం ధర ఒక మెట్టు ఎక్కుతుంది. సొంత జాగా ఉన్నవాడు ఆ మెట్టు మీద నిలబడతాడు, లేనివాడు ఆ మెట్టు కింద నలుగుతాడు.

ముస్తాబాద్ మండల కేంద్రంలో రోడ్డు మీద కొత్త ఇళ్లన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి. కింద రెండు మూడు మడిగెలు, పైన స్లాబు ఇల్లు. గల్లీల్లోకి వెళ్తే పాత గూనపెంకుటిళ్లు. వాటి వెనుక వాకిట్లోనో పక్క సందులోనో రేకులు వేసిన ఒంటి అర్రలు. కిరాయికి ఉండేది ఎక్కువగా ఈ రేకుల అర్రల్లోనే. బడిపంతులు, బ్యాంకు ఉద్యోగి స్లాబు ఇంట్లో పై అంతస్తు తీసుకుంటారు. ఆటో నడిపేవాడు, వెల్డింగు పనివాడు, దర్జీ, రైసుమిల్లు హమాలీ, పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీ, మస్జిద్‌లో అజాన్ ఇచ్చే మౌజన్, వీళ్లంతా రేకుల కింద ఉంటారు.

2011 జనగణన ప్రకారం దేశంలో పట్టణాల్లోని ప్రతి వంద కుటుంబాల్లో దాదాపు ఇరవై ఏడున్నర కిరాయి ఇళ్లలో ఉన్నాయి. గ్రామాల్లో ఆ లెక్క మూడున్నరకు మించదు. ఈ అంకె చూసి 'పల్లెల్లో కిరాయి సమస్య లేదు' అని పాలకులు అనుకుంటారు, చట్టాలు కూడా అలాగే పుడతాయి. కానీ ముస్తాబాద్ వంటి మండల కేంద్రం పేరుకు పల్లె, బతుకుకు పట్నం. చుట్టుపక్కల నామాపూర్, పోత్గల్, ఆవునూర్ నుంచి బతుకుదెరువు కోసం వచ్చినవారు, పంపకాల్లో జాగా చాలక అన్నదమ్ముల నుంచి విడిపోయినవారు, భూమి ఏనాడూ లేనివారు ఇక్కడ చేరతారు. ముస్లిం కుటుంబాల్లో వ్యవసాయ భూమి ఉన్నవారు మొదటి నుంచీ తక్కువే కాబట్టి కిరాయి లెక్కలో మనవారు ఎక్కువ కనబడతారు.

ఇక్కడ ఒక మాట. తెలంగాణలో మనం 'అద్దె' అనము, 'కిరాయి' అంటాము. అది అరబ్బీలోని 'కిరా' నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన మాట. ఫిఖ్హ్ గ్రంథాల్లో దాన్నే ఇజారా అధ్యాయంలో చదువుతాము. నివాసానికి అరబ్బీలో 'మస్కన్' అంటారు. ప్రశాంతతకు 'సకీనత్' అంటారు. ఏమీ లేని పేదవాడికి 'మిస్కీన్' అంటారు. మూడూ ఒకే ధాతువు నుంచి పుట్టాయి. దివ్య ఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరాలో (16:80) అల్లాహ్ మానవులకు తన అనుగ్రహాలను గుర్తుచేస్తూ, మీ ఇళ్లను మీకు విశ్రాంతి స్థలాలుగా చేశానని చెప్పినప్పుడు వాడిన మాట కూడా ఆ ధాతువుదే. నెలనెలా ఎప్పుడు ఖాళీ చేయమంటారోనని భయపడే ఇంట్లో సకీనత్ ఉండదు. అక్కడ మస్కన్ లేదు, మిస్కీన్ మాత్రమే ఉన్నాడు.

ఆ కుటుంబం ఉన్నది అలాంటి అర్రలోనే. ఒక గది, ముందు రేకుల చూరు, మూలన పొయ్యి. కిరాయి నెలకు రెండు వేల ఐదు వందలు, కరెంటు బిల్లు వేరు. భర్త ఉన్నప్పుడే అది భారంగా నడిచింది. ఆటో ఫైనాన్సు కిస్తీ ఒక పక్క, తగ్గిన గిరాకీ ఒక పక్క. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక ఊరి నుంచి సిరిసిల్లకు పోయే ఆటోలకు ఎక్కేవారు తగ్గారు. ఆ పథకం వేలాది పేద స్త్రీలకు మేలు చేసింది, అందులో సందేహం లేదు. అయినా ఒకరికి జరిగిన మేలు మరొకరి పొయ్యి మీద నుంచి పోయింది. భార్య బీడీలు చేస్తుంది. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతమంతా ఆడవాళ్ల ఒళ్లో చాట, చాటలో తునికాకు కనిపించని గల్లీ ఉండదు. (పొగాకు పని గురించి ఉలమాల మధ్య ఉన్న చర్చ నాకు తెలుసు. వేరే ఉపాధి చూపించకుండా ఆ చర్చను ఈ ఇంటి గుమ్మంలో మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు.) వితంతు పింఛను మంజూరైతే నెలకు 2,016 రూపాయలు వస్తాయి. ఇంటి కిరాయి దానికంటే ఎక్కువ. ఆ కుటుంబం లెక్క అంతా ఈ రెండు అంకెల మధ్యనే ఉంది.

ఆమె పర్దా వెనుక ఉంది. అత్తగారు బయటికి వచ్చి చూరు కింద కూర్చుని మాట్లాడింది. "మౌల్వీసాబ్, కిరాయి కోసం మేం ఎన్నడు ఎవర్తోని మాట పడలే. రెండు నెలలు ఆగింది, అది నిజమే. గని నా కొడుకు మయ్యత్‌ను కరీంనగర్ దవఖాన నుంచి తెస్తే ఇంట్లకు రానియ్యలే. వాకిట్ల గూడ పెట్టనియ్యలే. మస్జిద్ కాడ టెంటు కింద గుసుల్ ఇచ్చిండ్రు. ఇగ కోడలు గీ నాలుగు నెలల పది దినాలు యాడ కూసోవాలె?"

అక్కడున్నవారంతా తలలు దించుకున్నారు. ఎందుకంటే ఆ ఇంటి యజమాని పరాయివాడు కాదు. నమాజు చదివేవాడే. కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు.

కిరాయిదారు మరణిస్తే శవాన్ని ఇంట్లోకి రానివ్వకపోవడం ఈ పాత ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో కొత్త సంగతి కాదు. పత్రికలు చదివేవారికి తెలుసు. మగ్గం మీద జీవితమంతా ధారపోసిన నేత కార్మికుని శవం వానలో రోడ్డు పక్కన ఉండిపోయిన వార్తలు వచ్చాయి. శవం ఉన్న ఇల్లు కీడని, కొన్ని నక్షత్రాల్లో చావు జరిగితే ఇంటిని నెలల తరబడి పాడుపెట్టాలని మన హిందూ సోదరుల్లో కొందరికి నమ్మకం ఉంది. అది వారి నమ్మకం. దాన్ని గురించి వారిలోని ఆలోచనాపరులే మాట్లాడుతున్నారు. నన్ను కలచివేసింది మరొకటి. తౌహీద్ కలిమా చదివే మన ఇళ్లలోకి అదే భయం ఎప్పుడు వచ్చి కూర్చుంది? సఫర్ నెలలో మొదటి పదమూడు రోజులను 'తేరా తేజీ' అని పెళ్లిళ్లు ఆపుకున్న సమాజం కిరాయిదారు మరణాన్ని కూడా శకునంగా చూడడంలో వింతేముంది? అపశకునాలు లేవని, సఫర్‌లో కీడు లేదని దైవప్రవక్త (స) స్పష్టంగా చెప్పారు. ఆయన స్వయంగా హజ్రత్ ఆయిషా (రజి) గారి గదిలో, ఆమె ఒడిలో తల ఉంచి ఈ లోకాన్ని వీడారు. అదే గదిలో ఖననం జరిగింది. విశ్వాసుల మాత ఆ తర్వాత కూడా అక్కడే జీవించారు. చావు జరిగిన గది అశుభమైతే మదీనాలో ఆ గది కంటే ముందు చెప్పవలసిన గది ఏది?

ఆ సాయంత్రం ఇమామ్, మరో ఇద్దరు పెద్దలతో కలిసి యజమాని ఇంటికి వెళ్లాను. అతన్ని దుర్మార్గుడిగా చిత్రించడం నాకు ఇష్టం లేదు. చాయ్ ఇచ్చి కూర్చోబెట్టాడు. చెప్పిన కారణాలు మూడు. కిరాయి ఆగింది. బిడ్డ పెళ్లి దగ్గర పడింది, చుట్టాలకు అర్ర కావాలి. ఇంట్లో ఆడవాళ్లు భయపడుతున్నారు. మూడో కారణం చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. "మౌలానా, షరీఅత్ ప్రకారం నాకు ఖాళీ చేయించే హక్కు ఉన్నదా, లేదా? అది చెప్పుండ్రి" అని అడిగాడు.

నిజం చెప్పాలంటే హక్కు ఉంది. హనఫీ ఫిఖ్హ్‌లో ఒప్పందం చేసుకున్న ఇద్దరిలో ఒకరు మరణిస్తే ఇజారా ముగిసిపోతుంది. షాఫియీ, మాలికీ, హంబలీ ఇమాములు గడువు తీరేదాకా కొనసాగుతుందని అన్నారు గానీ, ఇక్కడ గడువే రాసుకోలేదు. ఇక విధవరాలికి భర్త మరణించిన ఇంట్లోనే ఇద్దత్ గడపడం వాజిబ్. అయితే యజమాని వెళ్లగొట్టినా, కిరాయి ఇచ్చుకోలేకపోయినా, ప్రాణానికి, మానానికి భయమున్నా ఆమె మరో చోటికి మారవచ్చు, పాపం లేదు. హాఫిజ్‌కు ఫోనులో నేను చెప్పిన రెండు వాక్యాలు ఇవే. ఇవి ఆమెకు సౌలభ్యం కోసం చెప్పిన మాటలు. వీటిని పట్టుకుని ఆమెను పంపించేవాడు ఆ సౌలభ్యాన్ని తన సౌకర్యంగా మార్చుకుంటున్నాడు.

అప్పుడు నేను ఫురైఅ బిన్తె మాలిక్ (రజి) గారి వృత్తాంతం చెప్పాను. ఆమె హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) గారి సోదరి. పారిపోయిన బానిసలను వెతకడానికి వెళ్లిన భర్తను వారే చంపివేశారు. ఆమె దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, తన భర్త సొంత ఇల్లు వదిలిపోలేదని, ఖర్చుకు ఏమీ లేదని, పుట్టింటికి వెళ్లిపోతానని విన్నవించుకున్నారు. ఆయన మొదట సరేనన్నారు. ఆమె ఇంకా ఆవరణ దాటకముందే వెనక్కి పిలిపించి సంగతంతా మరోసారి విని, గడువు పూర్తయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉండమని ఆదేశించారు. ఆమె అక్కడే నాలుగు నెలల పది రోజులు గడిపారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) తన ఖిలాఫత్ కాలంలో ఆమెను పిలిపించి ఈ సంగతి అడిగి, దాని ప్రకారమే తీర్పు చెప్పారు.

మనం మదరసాల్లో ఈ హదీసును ఇద్దత్ అధ్యాయంలో చదివి ముందుకు సాగిపోతాము. ఎవరి ఇల్లది? భర్తది కాదు. ఆమెది కాదు. ఆ ఇంటి యజమాని ఎవరో మనకు పేరు తెలియదు. కానీ ఒక విధవరాలు నాలుగు నెలల పది రోజులు తన ఇంట్లో ఉంటే అతను వెళ్లిపొమ్మనలేదు. ఆ ఇద్దత్ పూర్తి కావడంలో అతనికీ భాగముంది. ముస్తాబాద్‌లో ఆ స్థానంలో ఉన్నది మీరే అని ఆ పెద్దమనిషితో అన్నాను.

అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్లి ఇంట్లోవారితో మాట్లాడి వచ్చాడు. ఇద్దత్ పూర్తయ్యేదాకా ఉండనిస్తానన్నాడు, ఆ తర్వాత మాత్రం అర్ర కావాలన్నాడు. ఆగిన రెండు నెలల కిరాయి సంగతి ఎత్తినప్పుడు, దాన్ని ఈ ఏటి జకాత్‌లో చెల్లు వేసుకుంటానని చెప్పాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఇది చాలామంది చేసే పొరపాటు కాబట్టి పాఠకులు గమనించాలి. పేదవాడు ఇవ్వవలసిన బాకీని మాఫీ చేసి దాన్నే మన దగ్గరున్న సొమ్ము మీది జకాత్‌గా లెక్క వేసుకుంటే హనఫీ మస్లక్‌లో జకాత్ తీరదు. జకాత్‌లో సొమ్మును పేదవాడి చేతికి ఇచ్చి అతన్ని యజమానిని చేయాలి. ముందు జకాత్ సొమ్ము ఆమె చేతిలో పెట్టి, ఆమె దానితో బాకీ తీరిస్తే, అప్పుడు రెండూ సక్రమంగా తీరుతాయి. కిరాయి బాకీలో కూరుకున్నవారికి జకాత్ ఇవ్వడానికి మనం వెనకాడతాము, వాళ్లు బిచ్చమెత్తడం లేదు కదా అని. జకాత్ పొందే ఎనిమిది వర్గాల్లో రుణగ్రస్తులను అల్లాహ్ విడిగా పేర్కొన్నాడు. ఇంటి మీద కిరాయి తీసుకునేవారు కూడా తెలుసుకోవాలి. ఇంటి విలువ మీద జకాత్ లేదు, కిరాయిగా వచ్చి ఏడాది చివర మిగిలిన సొమ్ము మాత్రం మిగతా నగదుతో కలిసి లెక్కలోకి వస్తుంది.

మరుసటి రోజు ఊరు తిరిగాను. మూడు గల్లీల్లో పదకొండు ఇళ్లు తాళం వేసి కనిపించాయి. గ్రానైటు మెట్లు, స్టీలు రైలింగు, గుమ్మం మీద అరబ్బీ అక్షరాల టైల్సు. అన్నీ గల్ఫ్ సొమ్ముతో కట్టినవి. మెట్ల మీద ఆకులు రాలి ఉన్నాయి. కట్టినవారు దుబాయిలోనో షార్జాలోనో ఒక గదిలో ఎనిమిది మందితో కలిసి 'బెడ్ స్పేస్'కు కిరాయి కడుతున్నారు. పై మంచం, కింద మంచం. అక్కడ మంచానికి కిరాయి కట్టే మనిషి, ఇక్కడ ఖాళీగా ఉన్న తన ఇంటిని కిరాయికి ఇవ్వడు. ఎందుకని అడిగితే ఇంటి దగ్గర ఉన్న బంధువులు, గోడలు పాడవుతాయని, తర్వాత ఖాళీ చేయరని, ఇక మనసులో మాటగా, 'ఇంట్లో ఏదన్న జరిగితే' అని చెప్పారు. ఆ 'ఏదన్న' ఏమిటో ఇప్పటికి మీకు అర్థమైంది. జగిత్యాల, కోరుట్ల వైపు ఇలాంటి తాళాలు ఇంకా ఎక్కువ. ఒక పక్క తాళాలు తుప్పు పట్టడం, ఇంకో పక్క రేకుల అర్రకు కిరాయి పెరగడం. ఇది సరుకు లేక వచ్చిన కరువు కాదు.

కిరాయి పెరగడానికి ఇంకో కారణం ఉంది. సిరిసిల్లకు వచ్చిన ఉద్యోగికి జీతంలో ఇంటి అద్దె భత్యం ఉంటుంది. ఊళ్లో కిరాయి ధర అతని భత్యాన్ని చూసి స్థిరపడుతుంది. హమాలీకి, దర్జీకి, మౌజన్‌కు అలాంటి భత్యం లేదు, ధర మాత్రం అదే. రాష్ట్ర ప్రభుత్వం ఇమాములు, మౌజన్లకు ఇచ్చే గౌరవ వేతనాన్ని 2018లో ఐదు వేలకు పెంచింది. ముస్తాబాద్‌లో ఇమామ్‌కు మస్జిద్ వెనుక గది ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. కిరాయి ఇంట్లో ఉండే మౌజన్‌కు ఆ ఐదు వేలలో సగం అర్రకే పోతుంది.

ఇక ప్రభుత్వ ఇళ్ల సంగతి. రాష్ట్రం వచ్చిన తర్వాత రెండు పడక గదుల ఇళ్ల పథకం వచ్చింది. 560 చదరపు అడుగుల ఇల్లు, లబ్ధిదారు ఒక్క రూపాయి కట్టనక్కర లేదు. సిరిసిల్ల పక్కన మండెపల్లిలో ఒకేచోట 1,320 ఇళ్లు కట్టి 2021 జులైలో ప్రారంభించారు. అవి అందినవారి కిరాయి బాధ నిజంగా తీరింది. అందనివారే ఎక్కువ. 2024 మార్చిలో భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం దారి వేరు. ఇది ఇల్లు కట్టి ఇవ్వదు, కట్టుకోవడానికి ఐదు లక్షలు ఇస్తుంది. పునాది, గోడలు, స్లాబు అంటూ విడతల వారీగా ఖాతాలో వేస్తారు. దళారీ చేయి తగ్గిన మంచి పద్ధతి. కానీ మొదటి వరుసలో సొంత జాగా ఉన్నవారు ఉంటారు. జాగా, ఇల్లు రెండూ లేనివారిది రెండో జాబితా. కిరాయిదారు ఎప్పుడూ ఆ రెండో జాబితాలోనే ఉంటాడు.

అక్కడే ఒక విచిత్రం చూశాను. ఒక పాత పెంకుటింటి యజమానురాలికి, ఆమె కూడా పేదదే, ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. పాత ఇల్లు కూల్చి అదే జాగాలో కొత్తది కట్టుకోవాలి. ఆ పెంకుటింటి వెనుక అర్రలో ఇరవై ఏళ్లుగా ఒక దర్జీ కుటుంబం కిరాయికి ఉంది. ఒకరికి ఇల్లు వచ్చిన ఉత్తరంతోనే ఇంకొకరి ఇల్లు పోయింది. యజమానురాలు ఏడుస్తూనే చెప్పింది, దర్జీ నవ్వుతూనే విన్నాడు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. కుట్టు మిషను మాత్రం నేను వచ్చేనాటికి ఒక మడిగె మెట్ల మీద పాలిథిన్ కప్పుకుని ఉంది.

రాతపూర్వక ఒప్పందం ఆ ఊళ్లో ఒక్క కిరాయిదారు వద్ద కూడా నాకు కనబడలేదు. ఉద్యోగుల దగ్గర ఉండవచ్చు, పదకొండు నెలల కాగితం. ఏడాది దాటితే రిజిస్ట్రేషను చేయాలని 1908 నాటి చట్టం చెబుతుంది కనుక పదకొండు దగ్గర ఆపుతారు. 2021లో కేంద్ర ప్రభుత్వం ఒక నమూనా అద్దె చట్టం తెచ్చింది. నివాసానికి రెండు నెలల కిరాయి కంటే ఎక్కువ అడ్వాన్సు తీసుకోరాదని అందులో ఉంది. కానీ అది నమూనా, రాష్ట్రాలు స్వీకరిస్తేనే అమలు. మనకు చట్టం దాకా పోనక్కర లేదు. బాకీ లావాదేవీలను రాసుకోమని బఖరా సూరాలో (2:282) అంత వివరంగా చెప్పిన గ్రంథాన్ని అనుసరించేవారం. కిరాయి ఎంత, ఎన్నాళ్లకు అన్నది ముందే తెలియకపోతే ఇజారా చెల్లదని ఫుఖహా అన్నారు. పైకప్పు కారితే, గోడ పడితే బాగుచేయవలసింది యజమాని అని, అతను చేయకపోతే కిరాయిదారుకు ఒప్పందం వదులుకునే హక్కు ఉందని కూడా రాశారు. ముస్తాబాద్ రేకులకు ఈ వానకాలం కిరాయిదారులే తారు పూసుకున్నారు.

పట్నాల నుంచి ఇంకో అలవాటు ఈ ఊళ్ల దాకా పాకుతున్నది, దాన్ని గిర్వీ అంటున్నారు. రెండు మూడు లక్షలు ఒకేసారి యజమాని చేతిలో పెడితే నెలనెలా కిరాయి ఉండదు, ఖాళీ చేసేటప్పుడు ఆ సొమ్ము అంతా తిరిగి వస్తుంది. ఇద్దరికీ లాభమేనని చెప్పుకుంటారు. ఆలోచించండి. తిరిగి ఇవ్వవలసిన సొమ్ము అప్పు. అప్పు ఇచ్చినందుకు ఉచితంగా ఇంట్లో ఉండడం ఆ అప్పు మీది లాభం. అప్పు మీద షరతుగా తీసుకునే లాభం వడ్డీ అవుతుందని ఫుఖహా చెప్పారు. కిరాయి భారం తప్పించుకోవడానికి బంగారం అమ్మి ఇందులో పెట్టిన కుటుంబాలు నాకు తెలుసు. వారి కష్టం నిజం, మార్గం సరైనది కాదు. ఉచితం చేయకుండా, అడ్వాన్సును తగ్గించి, న్యాయమైన కిరాయి రాసుకుంటే ఈ చిక్కు ఉండదు.

మూడో రోజు జుహర్ తర్వాత మస్జిద్‌లో కొద్దిమంది కూర్చున్నారు. నన్ను మాట్లాడమంటే హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) గారి వక్ఫ్ గురించి చెప్పాను. ఆయన తన ఇళ్లను వక్ఫ్ చేస్తూ ఒక షరతు పెట్టారు. తన కూతుళ్లలో ఎవరైనా భర్త నుంచి విడిపడి తిరిగివస్తే ఆ ఇంట్లో ఉండవచ్చు. ఆమె ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదు, ఆమెనూ ఎవరూ ఇబ్బంది పెట్టకూడదు. మళ్లీ వివాహమై అవసరం తీరితే ఆ హక్కు ఉండదు. సహీహ్ బుఖారీలో ఉన్న సంగతి ఇది. మస్జిద్‌కు మినార్ కట్టడానికి, రంగులు వేయడానికి, ఏసీలు పెట్టడానికి చందాలు వస్తాయి. దిక్కు లేని ఒక స్త్రీ ఇద్దత్ గడపడానికి ఒక గది, ఒక స్నానాల గది, ఒక తలుపు గొళ్లెం కట్టడానికి చందా అడిగినవారు నాకు తక్కువగా కనిపించారు. ఒక వెల్డింగు కుర్రవాడు లేచి, రేకులు, తలుపు తాను చేసి ఇస్తానన్నాడు. జాగా ఎక్కడన్న ప్రశ్న దగ్గర మాట ఆగింది. ఒకరు ఖబరస్తాన్ పక్క స్థలం చెప్పారు, మరొకరు అది వక్ఫ్ జాగా, కాగితాలు చూడాలన్నారు. చూడాలి కూడా.

మరణం నెల మొదటి రోజున జరిగితే ఇద్దత్‌ను చాంద్రమాసాలతో, మధ్యలో జరిగితే నూట ముప్పై రోజులతో లెక్కిస్తారు. ఆమె లెక్క రజబ్ మూడో వారంలో పూర్తవుతుంది. ఇమామ్ ప్రతి జుమా సాయంత్రం ఫోను చేస్తున్నాడు. అప్పటికి ఇవ్వదగిన అర్ర కోసం కమిటీవాళ్లు వెతుకుతున్నారు. ఒకరు పిల్లలెందరని అడిగి ముగ్గురు అనగానే లేదన్నారు. మరొకరు మగదిక్కు లేని ఇంటికి ఇవ్వమన్నారు. ఇప్పటికి రెండు మిగిలాయి. ఒకదానికి నెలకు మూడు వేల ఐదు వందలు, రెండు నెలల అడ్వాన్సు. రెండోది పదిహేను వందలకే వస్తుంది, కానీ దానికి మరుగుదొడ్డి లేదు. వెల్డింగు కుర్రవాడు ఆ రెండోదాన్ని చూసి, దొడ్డి కట్టుకోవడానికి యజమాని ఒప్పుకుంటాడేమో అడిగి చెబుతానన్నాడట.